తెరకి వీపు పెట్టి

ముప్పై రెండేళ్లు
రాజోలు సత్యవాణి టాకీసులో
టార్చి పట్టుకుని నిలబడ్డాను,
తెరకి వీపు పెట్టి.
సినిమాలు చూడలేదనే చెప్పాలి.
చూసినవాళ్లని చూశాను.

ఓ వేసవిలో ఒకడొచ్చాడు ఆకాశంలోంచి.
లారీని చిటికెన వేలితో లేపాడట.
పిడుగులంత చప్పుడు,
కుర్చీల కింద గచ్చు కూడా అదిరింది.
మొహాల మీద మాత్రం
నీలం వెలుతురు వచ్చి పోతోంది, వచ్చి పోతోంది,
మనిషి లేని వరండాలో ట్యూబులైటులా.
రెండో వరసలో కొబ్బరి వొలిచే పళ్లాలమ్మ
ఆవలించి పక్కామెతో అంది:
"ఆడి భుజం చూడే, కాయ కాసిందా?
మోసినోడి భుజమేనా అది?"
అంతే.
ఎన్ని కోట్లు పోశారో గానీ
మంగళవారానికి సైకిలు స్టాండులో
నాలుగు బళ్లు.

వానలు పడ్డాక ఇంకొకడు.
చవక గ్రాఫిక్సు. వాడు ఎగురుతుంటే
నడుముకి కట్టిన తాడు
పిల్లలు సైతం కనిపెట్టి వేలు చూపించారు.
కూలిపోతున్న వంతెన పట్టుకున్నాడు వాడు,
పట్టుకుని,
జారిన చెప్పు కోసం కాలి వేళ్లతో తడుముకున్నాడు.
ఆ తడుముకోవడం దగ్గర
హాలు హాలంతా ముందుకి వంగింది.
దింపు తీసే యేసురత్నం
కాలిబందం బిగించుకున్నట్టు
కుర్చీలోనే పాదాలు దగ్గరికి లాక్కున్నాడు.
ఇంటర్వెల్లో సోడా తాగుతూ అన్నాడు:
"ఈడు కిందకి చూశాడండి.
చూసి భయపడి ఎక్కినోడే ఎక్కినోడు.
ఏసంగి వచ్చినోడు చూడనే లేదు."

చిట్టబ్బులు సంగతి వేరు.
లంకలోకి వశిష్ట వచ్చిన రాత్రి
పదకొండు మందిని దాటించాడు తన పడవలో.
పన్నెండో మనిషికి చోటు లేదు.
ఆ మనిషి తెల్లారి దొరికాడు, ప్రాణాలతోనే,
అరటి బోదె కావలించుకుని.
అయినా చిట్టబ్బులు
ఇప్పటికీ వేళ్లు మడుస్తుంటాడు,
పదకొండు దగ్గర ఆగిపోతాడు.
తెర మీద ఎవడో
ఊరు ఊరంతా ఒక్క ఊపుతో ఒడ్డున పడేస్తుంటే
చీకట్లో నా చొక్కా లాగాడు.
"ఎంతమందిని?"
"అందర్నీ" అన్నాను.
లేచి వెళ్లిపోయాడు.

ఇంక నాకు గుట్టు తెలిసిపోయిందనుకున్నాను.
కొత్త సినిమా దిగితే చాలు
క్యాంటీను సుబ్బారాయుడితో పందెం.
కాయ ఉందా, భయం ఉందా, లెక్క ఉందా.
అన్నీ ఉన్న సినిమా ఒకటొచ్చింది,
దాళ్వా కోతలప్పుడు.
పదిహేడు మంది చూశారు.
ఆ పదిహేడు మందీ బయటికొచ్చి
సైకిళ్లు ఎక్కలేదు,
మాట్లాడకుండా తోసుకుంటూ నడిచారు.
తెల్లారి పోస్టరు మారిపోయింది.

ఏమీ లేనిదీ వచ్చింది.
కాయా లేదు, భయమూ లేదు,
కిటికీ కర్టెను మెడకి చుట్టుకున్నాడు వెధవ.
నలభై ఒక్క రోజులు!
రెండు వందలు పోయాయి నాకు.
గేటు దగ్గర ఓ కుర్రాణ్ణి నిలదీశాను,
నాలుగోసారి వస్తున్నాడు.
"ఏం చూస్తున్నావురా ఆడిలో?"
"దెబ్బ తగిలిందా అంటే
ఆయ్, లేదండి, అంటాడండి.
మా నాన్నలాగే అబద్ధమాడతాడు."
ఆ మాట మటుకు
నా లెక్కలో ఎక్కడ వెయ్యాలో
ఇవాళ్టికీ తేలలేదు.

ఇప్పుడు ఆ హాల్లో ధాన్యం బస్తాలు.
టార్చి ఇంటికి తెచ్చుకున్నాను.
కరెంటు పోయిన రాత్రి
మనవరాలు తువ్వాలు మెడకి కట్టుకుని
మంచం పట్టె మీద నిలబడుతుంది.
నేను తెరకి వీపు పెట్టడం మానేశాను,
ఎదురుగా కూచుంటాను.
చేతులు చాస్తుంది.
దూకబోయే ముందు
ఒక్క క్షణం కిందకి చూస్తుంది.
టార్చి అక్కడ వేస్తాను,
దాని పాదాలు పడబోయే చోట.