వేలికంటిన అంబలి

మిల్లు సైరను కూసే వేళకి
ఆయన క్యారేజీ మూత ఎంతకీ పడలేదు.
రాత్రి తీతు దాంతో తాళం వాయించాడు మరి.
రబ్బరు తీసి, తిప్పి, గుద్ది, ఎలాగో బిగించాను.
"ఈయేళ శుక్రవారం కదా, నువ్వేటీ తినవు కదా?"
సైకిలెక్కుతూ అడిగారు.
తిననన్నాను.

మంచం పక్కన మోకాళ్ళూని
ప్రభువా, అని మొదలుపెట్టాను.
మొదటి మాట దగ్గరే చంటోడు లేచాడు.
రెండో మాట పాలకి పోయింది,
మూడో మాట తడిసిన గుడ్డకి.
నాలుగోది ఏమిటో నాకు గుర్తులేదు,
నీకు గుర్తుండే ఉంటుంది.

కుళాయి ఆరింటికి వస్తుంది, ఆరున్నరకి పోతుంది.
పైడమ్మప్ప తన బిందె జరిపి నా బిందెకి చోటిచ్చింది.
"పిల్లల తల్లివి, ముందు నువ్వట్టుకో."
ఆవిడకి గురువారం ఒక్కపొద్దు, నాకు శుక్రవారం ఉపవాసం.
ఈ నెల్లిమర్ల లైన్లో అందరూ నీళ్ళకి కొట్టుకుంటారు గానీ
ఆ రెండు రోజులూ మేమిద్దరం కొట్టుకోం.

యెమీమాకి జడలల్లుతూ కంఠత వాక్యం చెప్పించాను.
కాపరి అనే మాట దగ్గర ఆగిపోయింది.
"అమ్మా, కాపరంటే మన మేకల సన్నాసి తాతలాగా?"
అలాగే, అన్నాను.
"మరి దేవుడి దగ్గరా అంత వాసనొస్తాదా?"
రిబ్బను ముడి జారిపోయేంత నవ్వొచ్చింది.
బడి బస్సు హారను కొట్టింది.
జవాబు బాకీ పడ్డాను.

తీతుకి చోడంబలి.
బెల్లం వేస్తేనే తాగుతాడు, అదీ రైలొస్తేనే.
"విజయనగరం పాసింజరొస్తోంది, గేటు తియ్యి, గేటు తియ్యి!"
గేటు తెరుచుకుంది, మూసుకుంది,
సగం సరుకు గెడ్డం మీదుగా దిగిపోయింది.
చూపుడువేలితో తుడిచాను.
కింద చంటోడు చీపురుపుల్ల నోట్లో పెట్టుకున్నాడు,
పరిగెత్తాను.
పొయ్యిమీద అన్నం పొంగింది,
మళ్ళీ పరిగెత్తాను.

పదకొండింటికి మా ఇంట్లోనే కూడిక.
మడత విప్పిన చాప మీద తొమ్మిదిమంది ఆడవాళ్ళు,
ఆకలికి కాస్త ఎండిన పెదాలు, కొంగు కప్పుకున్న తలలు.
"దాచుకున్నదేదైనా ఉంటే దేవుడి ముందు పెట్టండమ్మా"
అన్నారు పాస్టరమ్మ గారు.

లెక్కపెట్టుకున్నాను.
నిన్న తీతుని గరిటె కాడతో కొట్టాను.
అత్తగారి ఫోను మోగితే చూసీ తియ్యలేదు.
చీటీ డబ్బుల్లోంచి జాకెట్టు గుడ్డ కొన్నాను,
ఆయనతో పాతదేనన్నాను.
అప్పుడు నాలుక కదిపితే
బెల్లం తియ్యన.

ఆ వేలు ఎప్పుడు నోట్లోకి వెళ్ళింది?
ఎంత వెతికినా ఆ క్షణం దొరకలేదు.
గుడ్డకి తుడిచానో, నీళ్ళలో కడిగానో అనుకున్నాను,
చెయ్యి తన దారిన తాను తినేసింది.

పైకే చెప్పేశాను. "నా ఉపవాసం పోయిందండీ, అంబలి నాకేశాను."
ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
ముందు నవ్వింది సువార్తమ్మ మామ్మ,
పళ్ళులేని నోటితో, భుజాలు ఊగిపోయేలా.
"ఆరుగుర్ని పెంచినానే గుంటా,
ఒక్క శుక్రవారమూ నాకు సాంతం నిలవలేదు."
మూలనుంచి రూతమ్మ: "నేను మనవడి అట్టుముక్క."
ఆ పక్కన దీవెన: "నేను పులుసులో ఉప్పు చూశాను."
పాస్టరమ్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ
"ఉప్పు నేనూ చూశాను" అన్నారు, చాలా చిన్నగా.

తర్వాత ప్రార్థన చేశాం.
మిల్లులో చెయ్యి నలిగిన కుర్రాడి కోసం,
పైడమ్మప్ప మోకాలి కోసం,
కోడలు అలిగి పుట్టింటికెళ్ళిన ఇంటి కోసం.
ఆఖరున నా వంతు.
ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే వచ్చి
ప్రభువా, అన్నాను.
ఆ తర్వాత మాట రాలేదు.

చాప మీద బుడిబుడి అడుగులు.
గెడ్డానికి ఎండిన అంబలితో తీతు
నా ఒళ్ళో ఎక్కి, ముఖం తనవైపు తిప్పుకుని
గేటు తియ్యమన్నాడు.

ఆమెన్ అనబోయిన నోట్లో
సగం కొరికిన బిస్కెట్టు.
కళ్ళు తెరవలేదు నేను.
అది నాలుక మీద
మెల్లగా మెత్తబడింది.