వెంట్రుకవాసి

బాలానగర్‌లో, ఫతేనగర్ బ్రిడ్జి దిగగానే
మా రేకుల షెడ్డు.
బయట మే నెల నలభై రెండు.
నా గదిలో ఎప్పుడూ ఇరవై.
ఆ చల్లదనం నా కోసం కాదు, ముక్క కోసం.
అయిదు ఇరుసుల యంత్రం కడుపులోంచి వచ్చిన టైటానియం
నాలుగు గంటలు నల్లరాతి బల్ల మీద పడుకుంటుంది,
ఒంటి వేడి దిగేదాకా.
అప్పుడుగానీ
కెంపుపూస తొడిగిన సూదితో దాన్ని తాకను.

ఖాజా భాయ్ లేత్ తిప్పిన కాలంలో
కొలత అంటే సూతు.
"ఒక్క సూతు అటిటైతే ఏమైతది,
సుత్తెతోని రెండు దెబ్బలేస్తే సర్దుకుంటది."
పిసరంత, రవ్వంత, ఆవగింజంత...
మా అమ్మ ఉప్పుకు వాడిన మాటలు
ఒక్కటీ నా గదిలో చెల్లవు.
చెల్లేది అయిదు మైక్రాన్లు.
తలవెంట్రుకను నిలువునా పద్నాలుగు పోగులు చీల్చి
అందులో ఒక పోగు మీద నిలబడటం.

చిన్నవాటికి ఇన్ని మాటలున్న భాషలో
అప్పుకు మాత్రం ఒకటే: కొండంత.
యంత్రం రెండు కోట్ల పది లక్షలు.
ప్రతి ఐదో తారీకూ
బ్యాంకు కూడా చల్లటి గదిలోనే కొలుచుకుంటుంది.

సుదర్శనాచారి గారు ఒకప్పుడు
ముక్కను అరచేతిలో ఎగరేసి ధర చెప్పేవాడు.
చాయ్ చల్లారేలోపు బేరం తెగేది.
ఇప్పుడు డ్రాయింగ్ పంపితే
ఎనిమిది సెకన్లలో ధర తెర మీదికి అదే వస్తుంది.
తొమ్మిదో సెకనులో కోయంబత్తూరు నుంచి ఎవరో
పదకొండు రూపాయలు తగ్గిస్తారు.
మొహం తెలీదు, పేరు తెలీదు.
ఆయనకీ ఒక ఐదో తారీకు ఉండే ఉంటుంది.

పదకొండు కిలోల దిమ్మె కొంటాం,
ఆకాశానికి ఎగిరేది కిలోన్నర.
మిగతాదంతా మెలికలు తిరిగిన పొట్టు.
దానికోసం గఫార్ తక్కెడ పట్టుకొస్తాడు.
వంద గ్రాములు అటైనా ఇటైనా పట్టించుకోడు,
ఈ వాడలో నిశ్చింతగా నవ్వేది అతనొక్కడే.
"ఇగ మీద పొడి పోసి అచ్చేస్తరంట గదా మేడమ్,
పొట్టే ఉండదంట?"
ఉండదు అన్నాను.
ఆ రోజు తూకం రెండుసార్లు చూసుకున్నాడు.

మొన్న, పద్నాలుగో ముక్క.
టూలు అరిగిందని యంత్రం ముందే చెప్పింది,
తెర మీద పసుపు గీత.
కొత్త టూలు తొమ్మిది వేలు.
"ఇంకొక్కటి గుంజుదాం" అన్నాడు ఆచారి గారు.
తాండూరు బుగ్గప్ప సరేనని మీట నొక్కాడు.

సూది తాకింది: ఏడు.
తుడిచి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ.
మళ్ళీ ఏడు.
అద్దం అవతల ఇద్దరూ
ఆపరేషన్ గది బయట నిల్చున్నట్టు నిల్చున్నారు.
అయిదు అని రాయొచ్చు.
ఆ అంకె నా వేలి కొసదాకా వచ్చింది కూడా.
ఎర్రరంగు తీసి ముక్క మీద అడ్డంగా గీశాను.
డెబ్బై వేలు.
"నా చెయ్యే" అన్నాడు బుగ్గప్ప.
ఆచారి గారు ఏమీ అనకుండా
చెప్పులు వేసుకోవడం మరిచి బయటికెళ్ళాడు,
నలభై రెండులోకి.

ఆ రాత్రి బ్రిడ్జి మీద
ఇసుక లారీ నా బండిని రాసుకుంటూ పోయింది.
కుడివైపు అద్దం ఎగిరిపడింది.
పాన్ డబ్బా ఆయన ఉరికొచ్చాడు.
"వెంట్రుకవాసిల తప్పింది బిడ్డా!"

కాళ్ళు వణుకుతున్నాయి.
నోరు మాత్రం దాని పని అది చేసింది:
"డెబ్బై మైక్రాన్లు."
"ఏంది?"
"శానా ఎక్కువ" అన్నాను,
పగిలిన అద్దం ఏరుకుంటూ.