శమీమ్ బీ చెప్పిన కథ

మెట్‌పల్లిల మా గల్లీకంతా ఒక్కటే టీవీ,
సేపూరి రాజం కిరాణం దుకాణం ఎనుక అర్రల.
ఆదివారం తొమ్మిది కొట్టంగనే
చాటలు సంకల వెట్టుకొని పద్నాలుగు మంది ఆడోళ్లు.
కండ్లు టీవీ దిక్కు, వేళ్లు తునికాకు దిక్కు.
నేను మిద్దె మీద, యాంటెనా పట్టుకొని.
"వచ్చిందా?" అంటె "రాలే" అని కింద ఒకటే లొల్లి,
వచ్చినంక "కదలకు పోరీ, గట్లనే నిలవడు!"
గట్ల నేను ఆ సీరియల్ చూడలే.
విన్న.

అది హిందీల. మాకు హిందీ రాదు.
శమీమ్ బీకి వస్తదన్నరు అందరు,
ఉర్దూ ఇంటిది గదా, ఎందుకు రాదు.
గోడకు ఒరిగి, పండ్ల నడుమ దారం పోగు వట్టుకొని
ఒక్కొక్క మాట తెలుగులకు దించేది.

పెద్దింటి కోడలు కథ.
మామ తాళంచెవులు గుంజుకున్ననాడు
ఆమె నేల చూసి ఏదో అన్నది, చిన్నగ.
"ఏమంటుందే?" అన్నది పోసాని.
శమీమ్ బీ దారం పుటుక్కున తెంపింది.
"లెక్క చూపెట్టు మామా, అంటుంది.
నేనొచ్చిన కాడికెల్లి ఎన్ని పుట్లు పండినయ్,
ఎన్ని అమ్మినవ్,
నా రెక్కల కష్టం ఏ కాయితంల రాసినవ్, అంటుంది."
"గంత చిన్న మాటల గంత ఉన్నదా?"
"హిందీల గట్లనే. కుదించి మాట్లాడతరు."

తెల్లారి కార్ఖానల
సేటు మనిషి వెయ్యి బీడీలల్ల నూటయాభై ఛాట్ తీసి
పక్కకు నూకిండు.
ఎప్పటి లెక్కనే.
పోసాని లేవలే.
నేల చూసి, చిన్నగ, "లెక్క చూపెట్టు" అన్నది.
ఎనుక పదమూడు గంపలు కిందికి దిగినయ్.
తొమ్మిది రోజులు ఎవ్వరం తంబాకు ముట్టలే,
మా ఇంట్ల గట్క కూడ పలుచగైంది.
పదో నాడు ఛాట్ ముప్పైకి దిగింది.

అప్పటిసంది ఏటా ఆ నాడు
రాజం దుకాణం అరుగు మీద మా ఆట.
పోసాని కోడలు. నడుముకు తాళంచెవులకు బదులు
ఆకు కోసే పాత కత్తెర.
భూలక్ష్మి మామ. మూతికి తంబాకు మీసం,
తుమ్ముకుంట తుమ్ముకుంట గద్దిస్తది.
శమీమ్ బీ పక్కకు కూసుండి మాట అందిస్తది,
ఏడాదికో కొత్త మాట కలుపుతది.
అడిగితె "పోయినేడు మర్చిపోయిన" అంటది.

కరోనా యేడు శమీమ్ బీ పోయింది.

మొన్న మా చెల్లె మనుమడు హర్షిత్
ఫోన్ల ఆ సీరియల్ పట్టుకచ్చిండు.
కింద తెలుగు అక్షరాలు వస్తున్నయ్.
మిగిలిన ఐదుగురం అద్దాలు తుడుచుకొని కూసున్నం.
తాళంచెవులు. మామ. నేల చూపు.
వాడు చదివిండు:
"తప్పు నాదే మామగారూ, మన్నించండి."

"ఇంకోపారి పెట్టు."
"తప్పు నాదే మామగారూ."
ఎవ్వరం మాట్లాడలే. బయట ఆటో ఒకటి ఎల్లిపోయింది.

భూలక్ష్మి అన్నది:
"రాసినోనికి హిందీ రాదు."

పోసాని నవ్వింది, దగ్గు వచ్చేదాక నవ్వింది,
కొంగుతోని మొఖం ఒత్తుకుంది.
నాకు శమీమ్ బీ మామ యాదికచ్చిండు,
అంగట్ల ఆయన కొట్టు,
మొగడు పోయినంక ఆ కొట్టు మెట్టు గూడ ఎక్కని
శమీమ్ బీ.

"ఆవాజు బంద్ చెయ్యి బిడ్డా. ఆ అక్షరాలు గూడ."
"మరి సమజెట్లయితది అమ్మమ్మా?"
పోసాని గోడకు జరిగి ఒరిగింది.
పండ్లు లేవు, దారం పోగు పెదవుల నడుమ వెట్టుకుంది.

బొమ్మల కోడలు పెదవులు కదిలిచ్చింది.
అర్రల పోసాని గొంతు లేచింది:
ఎన్ని పుట్లు పండినయ్, ఎన్ని అమ్మినవ్.
కోడలు రెండు చేతులు జోడిచ్చింది.
"దండం వెడుతుంది" అన్నడు పోరడు.

"దండం కాదురా," అన్నది పోసాని,
"రాత్రి నానవెట్టిన ఆకు
అరచేతుల నడుమ వెట్టి
మెత్తవడ్డదా లేదా సూస్తుంది."