రాలని రంగు కాగితాలు

మార్చి ఆఖరి గురువారం.
మందుల షాపు కౌంటరు వెనక
రక్తపోటు మాత్రల్ని ఐదేసి ఐదేసిగా నెడుతున్నాను
నీలం పళ్లెంలో.
ఐదు, పది, పదిహేను...
ఎక్కడో లెక్క తప్పింది. మళ్లీ మొదట్నుంచి.

ఇంటికొచ్చేసరికి వకుళ గిన్నెలు తోముతోంది.
చెప్పకుండా గిన్నెలు తోమే పిల్ల కాదు.
నేనేమీ అడగలేదు.
"బర్క్లీ రాలేదమ్మా" అంది కుక్కరు మూతతో.
"నీది ఏప్రిల్లో కదా" అంది కుళాయితో.

ఇద్దరం ఒకే బల్ల మీద రాశాం దరఖాస్తులు.
తను హైస్కూలు నుంచి,
నేను ఫ్రీమాంట్ కొండ మీది కమ్యూనిటీ కాలేజీ నుంచి,
నలభై నాలుగేళ్లకి, మూడేళ్ల రాత్రి క్లాసుల తర్వాత.
చెరో ఎనభై డాలర్లు.
నా వ్యాసంలో కామాలు తను పెట్టింది,
తన వ్యాసంలో కన్నీళ్లు నేను తీసేశాను.
నీకెదురైన అతి పెద్ద కష్టమేది అన్న ప్రశ్న దగ్గర
చాలాసేపు పెన్ను కొరికి
"కష్టాలన్నీ నువ్వే పడేశావు, నాకేం మిగిల్చావు?" అని నవ్వింది.
ఆ నవ్వు ఇప్పుడు చేపముల్లు.
ఎక్కడ గుచ్చుకుందో తెలీదు గానీ, ఉంది.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఫలితాలొచ్చాయన్నారు.
తెరవలేదు.
శనివారం దుప్పట్లు ఉతికాను, ఆదివారం ఫ్రిజ్ కడిగాను,
తుడిచిన అరే మళ్లీ తుడిచాను.
రాకపోతే బాగుణ్ణు దేవుడా అనుకుని
వెంటనే లెంపలేసుకున్నాను.
రెండూ మనసారానే.

సోమవారం కాలేజీ పార్కింగులో
సీటుబెల్టు తీయకుండానే ఫోన్ తెరిచాను.
ప్రియమైన హైమవతీ, అభినందనలు.
అంతే. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు.
వెనకాల ఎవరో హారన్ కొట్టారు, వెళ్తున్నావా లేదా అని.
లేదని చెయ్యూపాను.

ల్యాబులో మరిసోల్ మెడ వాటేసుకుంది, తనకీ వచ్చిందట.
"తెర నిండా నీలం, బంగారు కాగితం ముక్కలు రాల్లేదూ!
మా అమ్మ ఫోను కింద దోసిలి పట్టింది!"
నాకేం రాల్లేదే అన్నాను.
"రాలతాయి. మొదటిసారి తెరిచినప్పుడే. ఒక్కసారే."

బీకరులో నీళ్లు మరుగుతున్నాయి.
ఒక్కసారే.
నా పాస్‌వర్డు పెట్టింది వకుళ.
తన పుట్టినరోజు, చివర ఒక ఆశ్చర్యార్థకం.

అంటే శుక్రవారమే,
నేను మాత్రలు లెక్కబెడుతున్నప్పుడు,
తనకి మూసుకున్న తలుపు ముందే నిలబడి
నా పేరు మీద రాలిన పండగంతా
ఒక్కతే చూసింది పిల్ల.
ఏడ్చిందో, నవ్విందో,
చప్పట్లు కొట్టబోయి చేతులు దాచుకుందో.
నోట్లో నువ్వుగింజ నానని నా కూతురు
మూడు రోజులు నానబెట్టింది.
ఒకే ఇంట్లో ఇద్దరు దొంగలం,
ఒకే మూట దాస్తూ.

రాత్రి గుప్పెట్లో ఉప్పుతో నిలబడ్డాను.
ఎవరికి తీయాలి దిష్టి?
వచ్చినదానికా, రానిదానికా?
తను ఉప్పు లాక్కుని నా చుట్టూ మూడుసార్లు తిప్పి
సింకులో వేసి కుళాయి విప్పింది.
"పొరపాటున నొక్కానమ్మా."
అబద్ధమాడితే దాని చెవులు ఎర్రబడతాయి.
"ఎలా రాలాయి?" అడిగాను.
కాసేపు నన్నే చూసింది.
తర్వాత బల్ల మీది కరెంటు బిల్లు, కిరాణా రసీదులు
తీరిగ్గా చించి ముక్కలు చేసి
నా నెత్తిన పోసింది.

కరెంటు బిల్లు ఇంకా కట్టలేదు.

సెప్టెంబరు. నేను బార్ట్‌లో, నిలబడే.
తను కొండ మీది కాలేజీలో,
నా పాత కెమిస్ట్రీ పుస్తకంతో.
ఫోన్ మోగింది.
"రెండొందల పన్నెండో పేజీ అంచున తెలుగులో ఏదో రాశావు.
నాకు కూడబలుక్కోవడం రావట్లేదు. ఏంటది?"
"నిద్రొస్తోంది, అని."
"అదా! ఫార్ములా అనుకుని
నోట్సులో ఎక్కించేశానే."