కోతల మీటింగు

మినిట్సు పుస్తకంలో రాయనివి
ఇక్కడ రాసుకుంటున్నాను.

కనిగిరి కాదు, దాని పక్క మండలం.
పేరు చెబితే మళ్ళీ నాకే మెమో.
పదకొండింటికి అనుకున్నది పన్నెండున్నరకి మొదలైంది.
ఎజెండాలో ఒక్కటే అంశం:
దుబారా ఎక్కడ, కోత ఎక్కడ.
గోడకి ఫ్లెక్సీ, పొదుపు గురించే.
దాని బిల్లు పన్నెండు వందలు, పొద్దున నేనే పాస్ చేశాను.

ముందు నోరిప్పింది మలకొండారెడ్డి.
"ఆర్చీ ఆపండబ్బా. మనుషులు లేనికాడ ఆర్చీ ఏంది?"
నిజమే. ఊరు ఊరంతా బేల్దారి పనికి బెంగుళూరు పోతే
ఖాళీ వీధి మొదట్లో స్వాగతం అని రాయించి
తొమ్మిది లక్షలు నిలబెట్టాం.
రెండో విడత రంగులకి, లైట్లకి ఇంకో మూడు.
మిట్టమధ్యాన్నం దాని కింద మేకలు పడుకుంటాయి.
వాటి లెక్కలో అది దుబారా కాదు.
"దానిమీద మా నాయన పేరుండాది"
అన్నాడు ఉపాధ్యక్షుడు, మెల్లగా.
ఆర్చీ మిగిలింది.

కారు అద్దె, నెలకి ముప్పై అయిదు వేలు.
కారు ఎవరి బామ్మర్దిదో గదిలో అందరికీ తెలుసు.
అప్పుడు కూడా అది వేపచెట్టు కింద
ఇంజను ఆపకుండా ఉంది,
లోపల చల్లగా డ్రైవరు నిద్రపోతున్నాడు.
దాని గురించి ఎవరో దగ్గారు,
దగ్గు మినిట్సులోకి రాదు.

కాశింబీ లేచింది. వెనక బెంచీ, తొలిసారి మెంబరు.
"ఈ గోడకి మూడేళ్ళల్లో మూడు రంగులు గదా,
గీకి చూడండి, పొట్టు పొట్టుగా డబ్బులు రాలతాయి."
ఎవరూ ఆమె వంక చూడలేదు.
గోడ వంక కూడా.

రెండున్నరకి బిర్యానీ వాసన లోపలికొచ్చింది.
ఇక పని చకచకా సాగింది.
వేలు కాగితం మీద పైనుంచి జారుతూ జారుతూ
అట్టడుగున ఆగింది:
నీళ్ళ ప్లాంటు, పార్టుటైం మనిషి, నాలుగు వేలు.
"వాల్వు తిప్పడానికి మనిషెందుకు? ఎవరైనా తిప్పుతారు."
బల్లలు చరిచారు.

తీర్మానం నా దస్తూరీతోనే రాశాను.
నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని పేరు.
సంతకం దగ్గర కాశింబీ పెన్ను ఆపింది.
"ఏకగ్రీవం అంటే ఏందబ్బాయా?"
"అందరిదీ ఒకటే మాట అని.
గ్రీవమంటే మెడ లేమ్మా, అందరిదీ ఒకటే మెడ."
కాసేపు ఆలోచించింది.
"ఒకటే మెడయితే కోయడం సులువే" అని
సంతకం పెట్టకుండానే
సంచీ తీసుకుని బస్సుకి పోయింది.
ఆ గడి ఖాళీగానే ఉంది. పైకి పంపేటప్పుడు
గైర్హాజరు అని రాయమన్నారు.
రాశాను.

సాయంత్రం క్యాను తీసుకుని ప్లాంటుకి పోయాను.
చెంచమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది,
కాళ్ళు చాపి. మోకాళ్ళు వంగవు.
ఈ ఊరి బోరు నీళ్ళు తాగి పెరిగిన మోకాళ్ళు అవి.
ప్లాంటు రాకముందు పుట్టింది, అంతే ఆమె తప్పు.
రోజూ రాత్రి తొమ్మిదికి ఫిల్టరు కడిగి,
తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని
గోడ పట్టుకుని ఇంటికి పోతుంది.

"మీటింగులో మన ప్లాంటు మాటొచ్చిందంట గదా, సారూ.
కొత్త ఫిల్టరు ఇస్తారంటనా?"

నా సంచీలో తీర్మానం నకలు ఉంది.
ఆమె లేవబోతుంటే వద్దన్నాను,
నేనే వాల్వు పట్టుకుని తిప్పాను.
తిరగలేదు.
రెండు చేతులూ వేశాను. ఊహూ.

"అట్ట కాదు సారూ," కూర్చున్నచోటి నుంచే అంది,
"కొంచెం పైకెత్తి, ఎడమకి.
దాని నడుమూ పట్టుకుపోయుండాది."