అద్దప్పరక

పాకాల మత్తడి దుంకిన మూడోరోజు,
బొచ్చెలు, రవ్వలు, జెల్లలు గంపలకెక్కినంక,
వలకన్నుల్ల ఇంక ఏదో మిగిలి మెరుస్తాంది.
నీళ్లేమోనని దులిపిన.
నీళ్లు కావు,
నీళ్లకు కండ్లున్నయి.

బొటనవేలంత చేప.
అరచేతిల పండబెడితే
దాని ఒంట్లకెల్లి నా చేతిగీత కనబడ్డది.
నడుమ వెన్నుముల్లు,
ఈరుబాని పండ్లలెక్క సన్నటి ఎముకలు.
ఇంత చూపించుకున్నది, కడుపును మాత్రం
వెండిసంచిల చుట్టి దాచుకున్నది.
పొద్దుగాల ఏం తిన్నదో ఎవ్వలకు చెప్పది.

"అద్దప్పరక, తూకానికి రాదు, ఇడిశెయ్"
అన్నడు మా నాయిన రాజమొగిలి.
ఇడిశిన.
ఇడిశిన జాగల నీళ్లే ఉన్నయి మళ్ల.

వానలు వడి చెరువు మడికట్లకు ఎక్కినప్పుడు
అదీ ఎక్కుతది.
మబ్బు ఇచ్చుకపోయి
పొద్దు నాచు మీద వాలిన పూట
మగదాని రెక్కకు నీలం అంచు తేల్తది.
జొన్నపిండి నలుసులంత గుడ్లు
నాచుకు అంటుకొని ఒక్కరోజే ఓపిక పడ్తయి.
పుట్టిన పిల్లలు ఆకుల కింద ఏలాడుకుంట
నోరు తెరుచుకొని ఉంటయి.
ఆకలైనా ఎతుక్కుంట పోవు.
వాగు ఏది తెస్తె అదే బువ్వ,
తేకపోతే లేదు.

హన్మకొండ చౌరస్తాల
ఇంతియాజ్ భాయ్ చేపల దుకాన్ల
నేనిప్పుడు నీళ్లు మారుస్త, చిట్టీలు రాస్త.
మొన్న కలకత్తా రైలుకు ఓ సంచి దిగింది.
లోపల గులాబి గీతలు, పచ్చ గీతలు ఉరుకుతున్నయి.
డిస్కో చేపలంట, జత ఎనభై.
పెద్దకన్ను, ఈపు మీద రెండు రెక్కలు.
గుర్తుపట్టిన.
గుర్తుపట్టి, ధర చీటి అంటించిన.

"సూదితోటి ఎక్కిస్తరు రంగు,
రెండు మూడు నెలలల్ల దిగిపోతది.
అప్పటిదాక మనకాడ ఉంటయా?"
అంటడు భాయ్. చెడ్డోడు కాదు,
దుకాణం మూసేముందు ఒక్కో డబ్బకు
పిల్లలకు చెప్పినట్టు సలాం చెప్పిపోతడు.
తెల్లారేసరికి ఏడు తేలినయి.
బొర్ర మీద చిన్న పుండున్నది ఎవ్వలూ కొనలే.
దాన్ని ఎనుక గదిల, మీటరు డబ్బ కింద పెట్టిన.

దినాం చూస్తున్న.
పచ్చగీత కొసలకెల్లి కరుగుతాంది,
పలక మీద తడిగుడ్డ పెట్టినట్టు.
దీపావళి దాటినంక ఓనాడు
దానెనుక గోడకున్న క్యాలెండర్ల
అమాస తారీఖు దాని ఒంట్లకెల్లి చదివిన.

కంటిపొర చూపిచ్చుకుంటనని
మొన్న ఎంజీఎంకు వచ్చిండు నాయిన.
లైను పెద్దగున్నదని దుకాణంల కూసున్నడు.
ఛాయ్ గ్లాసు పట్టుకొని ఎనుక గదికొచ్చి
డబ్బకు ముక్కానిచ్చి చూసిండు.
"ఉత్త నీళ్లకు గాలిమిషన్ ఎందుకే? కరెంటు దండుగ."

నేనేమనలే.
చిటికెడు పురుగులు ఏసిన.
నీళ్లు నోరు తెరిచినయి.