కేలెండర్ కాగితం వెనక

నిన్నటి సోమవారాన్ని చింపి
వెనకవైపు రేపటిని రాస్తున్నాను.
ముందువైపు అరవంలో రాహుకాలం, యమగండం,
ఏ దిక్కున శూలం.
వెనకవైపు తెలుగులో నేను,
ఆయన జేబులోంచి తీసిన ఐసీఎఫ్ పెన్సిలు మొన.

నాలుగున్నరకి లేవాలి, అని రాసి
కొట్టేశాను.
నాలుగూ ముప్పావు.
నాకు నేనిచ్చుకున్న ఏకైక బోనస్సు.

ఐదుకి నీళ్లు.
పెరంబూరు పంపుకి గడియారం చూడ్డం రాదు.
ఓ రోజు ఐదుకి, ఓ రోజు ఆరుకి,
ముందు గాలి దగ్గుతుంది,
తర్వాత తుప్పు, తర్వాత నీళ్లు.
కింది వాటా ధనకోటి అక్క
"తణ్ణి వందాచ్చు!" అని అరిస్తే
అదే నా అలారం.

ఐదున్నరకి కుక్కరు.
మొదటి కూతకి పాలు, రెండో కూతకి లహరి జడ,
మూడో కూతకి గౌతు సాక్సు, ఒకటి దొరుకుతుంది.
ఆరున్నరకి ఆయన షిఫ్టు.
దేశమంతా తిరిగే బోగీలకి తలుపులు బిగిస్తాడు మనిషి,
మా బాత్రూం గొళ్ళెం ఆర్నెల్లుగా వేలాడుతోంది.

కూడి చూశాను.
పొద్దుటి మూడు గంటల్లో
నాలుగు గంటల నలభై నిమిషాల పని.

ఇక తీసివేతలు.
దోసెపిండి రుబ్బడం: తీసేశాను,
మలుపులో అన్నాచ్చి కొట్లో ప్యాకెట్టు.
గూడూరులో మా అమ్మకి వాసన తగిలే ఉంటుంది.
ఇస్త్రీ: కాలరుకి మాత్రమే,
మిగతాది పుస్తకాల సంచి నొక్కేస్తుంది.
గౌతుకి బెండకాయ,
లహరికి బెండకాయ కానిది ఏదైనా.
రేపట్నుంచి ఒకటే కూర.
ఓ రోజు వాడు అలుగుతాడు, ఓ రోజు అది.
అలకలకీ వంతులు వేశాను.

లహరి జడ ఎదురుగా ఆయన పేరు రాశాను.
"నాకు రాదే" అన్నాడు.
"మూడు పాయలు. వెల్డింగు కూడా అక్కర్లేదు."

ఆసుపత్రి గడి పెద్దది, దాన్ని కదపలేను.
గాజుగొట్టాలకి లేబుళ్లు అతికిస్తాను రోజంతా.
పదకొండూ పన్నెండుకి ఎవరి చక్కెరో,
పదకొండూ పద్నాలుక్కి ఎవరి ఉప్పో.
ఊరందరి నెత్తురుకీ నిమిషాలు రాసే చేతికి
పక్కనున్న టీ ఎప్పుడు చల్లారిందో తెలీదు.

మిగిలింది రైలు.
ఎనిమిదీ ఏడుకి పెరంబూరు,
వ్యాసర్పాడి, బేసిన్ బ్రిడ్జి,
అక్కడ సిగ్నలు రాక నిలబడిపోతుంది,
నాలుగు నిమిషాలో, తొమ్మిదో.
ఇన్నాళ్లూ ఆ నిమిషాల్లో
ఒళ్లో కవరు పరుచుకుని చిక్కుడుకాయల ఈనెలు తీశాను.
ఎదురు సీట్లో మల్లెలు కట్టే ఆవిడా నేనూ
ఒకరి వేళ్లని ఒకరం చూసుకుంటూ, పోటీగా.
ఆవిడ మొహం అడిగితే చెప్పలేను.

ఆ గడిలో ఏం రాయాలి?
ఫీజు కట్టడం, అత్తయ్యకి ఫోను,
బ్యాంకు వాళ్ల ఓటీపీ...
పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాను.
ఒక గీత గీశాను, అంతే.

నిద్రలోంచి లేచొచ్చి లహరి చూసింది.
"అమ్మా, ఇక్కడ రాయడం మర్చిపోయావు."
"మర్చిపోలేదు."
"మరి గీతంటే?"
"కిటికీ."
అర్థమైనట్టు తలూపి
నీళ్లు తాగి వెళ్ళి పడుకుంది.

కాగితాన్ని బల్బుకేసి ఎత్తిపట్టాను.
నా గీత వెనకనించి
అవతలి అక్షరాలు తేలాయి:
రాహుకాలం, ఏడున్నర నుంచి తొమ్మిది.
శుభమైన పనేదీ మొదలుపెట్టరాదట.
సరే, పెట్టను.

ఫ్రిజ్జు మీద అయస్కాంతం కింద దాన్ని అతికిస్తుంటే
కింద గొట్టంలో గాలి దగ్గింది.
రాత్రి పదకొండున్నర.
"తణ్ణి వందాచ్చు!"

పెన్సిలు కొప్పులో దోపుకుని
రెండు బిందెలూ అందుకున్నాను.